లాకు: ఒక పనిముట్టు మాట కథ

గోదావరి డెల్టాలో ‘లాకు’ అంటే తెలియని మనిషి ఉండడు. అది ఇంగ్లీషు మాట అని ఎరిగినవాళ్ళు మాత్రం అంతమంది ఉండరు. లొల్ల లాకులు, చొప్పెల్ల లాకులు, కడియం లాకులు, కాకరపర్రు లాకులు, సమిశ్రగూడెం లాకులు, మార్టేరు లాకులు - ఇవి మనుషులు దారి చెప్పుకునే గుర్తులు. ‘లాకుల దగ్గర దిగి ఎడం పక్కకు తిరుగు’ అని చెప్పే ముసలమ్మ బడి మొహం చూసి ఉండదు. ఆమె నోట ఆ మాట పలికినంత సహజంగా ఇంగ్లీషు చదివిన పెద్దమనిషి నోట కూడా పలకదు. ఒక మాట మన భాషదై పోయిందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. అయినా మన పండితవర్గం ఈ మాటను నూటయాభై ఏళ్ళు దాటినా ఇంట్లోకి రానివ్వక, వీధి అరుగుమీదనే కూర్చోబెట్టి ఉంచింది.

పనిముట్ల పేర్లు దేశాలు దాటి వచ్చేటప్పుడు ఒంటరిగా రావు. ఆ పనిముట్టు ఎవరిది, దాన్ని ఎవరి చేత పట్టించారు, దాని ఫలితం ఎవరి గాదెకు చేరింది అన్న సంబంధాలను వెంటబెట్టుకొని వస్తాయి. ‘లాకు’ మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో పుట్టిన ఈ ఒక్క ధాతువు మన నోట ఇప్పటికి అరడజను మాటలుగా తిరుగుతున్నది. కాలవగట్టు మీద ఒక అర్థం, పోలీసు స్టేషనులో ఒక అర్థం, మిల్లు గేటు దగ్గర ఒక అర్థం, కంసాలి దుకాణంలో మరొకటి.

మొదట ఇంగ్లీషు వాళ్ళ ఇంట్లో ఈ మాట ఏమిటో చూద్దాం. ప్రాచీన ఆంగ్లంలో ‘లోక్’ అంటే గడియ, అడ్డుకర్ర. గొర్రెల దొడ్డి వంటి మూసిన చోటు కూడా. ‘మూయు’ అనే అర్థం గల క్రియ నుంచి వచ్చింది. జర్మన్ భాషలో దీని చుట్టం ‘లోఖ్’ అంటే రంధ్రం. గొళ్ళెం దిగే కన్నం నుంచో, మూసిన గుంట నుంచో అర్థం అటు జారి ఉంటుంది. తల వెంట్రుకల పాయను చెప్పే ‘లాక్’ వేరే మాట, దీనితో దానికి సంబంధం లేదు. పెళ్ళిని చెప్పే ‘వెడ్‌లాక్’లో ఉన్నదీ ఈ లాక్ కాదు. అది పాత ఆంగ్లంలోని ఒక ప్రత్యయం. సంసారం తాళం వేసిన గది అని హాస్యమాడేవాళ్ళకు ఈ సంగతి నిరాశ కలిగిస్తుంది.

ఇంటి తలుపు తాళానికి తెలుగువాళ్ళు ఇంగ్లీషు గడప తొక్కవలసిన అవసరం ఏనాడూ కలగలేదు. కోస్తాలో తాళం, తాళంకప్ప, తాళంచెవి ఉన్నాయి. రాయలసీమలో బీగం ఉంది. అది కన్నడ దేశంలోనూ ఉంది. తెలంగాణలో తాళంచెయ్యి అంటారు. ఒకచోట చెవి, ఒకచోట చెయ్యి. కన్నడంలోనూ ‘చెయ్యి’ అన్న అర్థం గల మాటే వాడతారు. గడియ, గొళ్ళెం, అడ్డగడియ సరేసరి. దాచుకోవడానికి ఉన్నవాడికీ, దొంగకూ కూడా చాలినన్ని మాటలు మనకు ముందే ఉన్నాయి. కనుక ‘లాక్’ మన దేశంలోకి తలుపు తాళంగా రాలేదు.

తుపాకీలో నిప్పు రగిల్చే యంత్రాంగానికి కూడా ఇంగ్లీషులో ‘లాక్’ అనే పేరు. 1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువలో చందుర్తి దగ్గర ఇంగ్లీషు వాళ్ళూ ఫ్రెంచి వాళ్ళూ తలపడి, ఉత్తర సర్కారుల భవిష్యత్తును తేల్చుకున్నప్పుడు పేలినవి ఆ లాకులే. కాని ఆ అర్థం మన నోట నిలిచినట్టు కనపడదు. తుపాకీ అన్న మాట అంతకుముందే తురుష్కుల మీదుగా మనకు చేరింది. పైగా తుపాకీ విప్పి బాగుచేసే పని ఎంతమంది చేతికి వచ్చింది గనక? మాట నిలవాలంటే పని నిలవాలి.

అది నిలిచింది కాలవమీద.

ఇక్కడ పరికరం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇప్పటి విద్యార్థులలో చాలామంది లాకు అంటే నీళ్ళు ఆపే గేటు అనుకుంటారు. నీళ్ళు ఆపేది తూము, లేదా దాని షట్టరు. లాకు పడవ కోసం పుట్టింది. ఎగువ కాలవ మట్టం ఎత్తు, దిగువ కాలవ మట్టం పల్లం. నీటికైతే మెట్టు దిగడం కష్టం కాదు. ధాన్యం నింపుకున్న పడవ మెట్టు దిగలేదు, ఎక్కలేదు. అందుకని ఆ రెండు మట్టాల నడుమ రాతి గోడలతో ఒక తొట్టి కడతారు. రెండు కొసలా జోడు తలుపులు. దిగువనుంచి వచ్చిన పడవ తొట్టిలోకి దూరుతుంది. వెనక తలుపులు మూస్తారు. ఎగువ నీటిని కొద్దికొద్దిగా లోపలికి వదులుతారు. నీటితోపాటు పడవ లేస్తుంది. మట్టం సమానం కాగానే ముందు తలుపులు తెరుచుకుంటాయి. తలుపు రెక్కలు ఎగువవైపు కోణంగా కలుసుకుంటాయి కాబట్టి, నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఈ కోణపు తలుపును 1490 ప్రాంతాలలో ఇటలీలోని మిలాను నగర కాలవలమీద పనిచేసిన లియొనార్డో డావించి పేర చెబుతారు. తొట్టి లాకు అంతకంటె పాతది: చైనాలో కియావో వైయూ అనే అధికారి క్రీస్తుశకం 984లో మహాకాలవ మీద దాన్ని కట్టించాడు. ధాన్యం పడవలు ఏటవాలు గట్లమీద ఈడ్చేటప్పుడు బద్దలై, దోపిడీకి గురవుతుంటే, దానికి విరుగుడుగా ఈ ఉపాయం తోచిందట. ఇంగ్లండులో ఇది పదహారో శతాబ్దంలో గాని రాలేదు. కాబట్టి పరికరం ఇంగ్లీషు వాడి సొత్తు కాదు. వాడిది పేరు మాత్రమే.

పేరులోని తమాషా చూడండి. ఇంగ్లీషు ‘లాక్’ మూయడాన్ని చెబుతుంది. ఫ్రెంచి వాళ్ళ ‘ఎక్లూజ్’, ఇంగ్లీషు ‘స్లూయిస్’ రెండూ బయట ఉంచి మూయడాన్ని చెప్పే ఒక లాటిన్ మాట నుంచి వచ్చినవే. ఐరోపావాడు నీటి దగ్గర నిలబడి చూసింది మూతను. తెలుగువాడి ‘తూము’ నీరు పారే కంతను, గొట్టాన్ని చెబుతుంది. మనవాడి చూపు పారుదల మీద ఉంది. దీని నుంచి జాతుల మనస్తత్వాన్ని గురించి సిద్ధాంతాలు లేవదీయడం నాకు ఇష్టం లేదు. వాళ్ళకు వరద భయం, మనకు పొలం దాహం అనుకుంటే చాలు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. 1830ల నాటి గోదావరి జిల్లా వేరు. 1832-33 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, వాటి వెంట వలసలు. పక్కనే నది సముద్రంలో కలిసిపోతుంటే ఒడ్డున మనుషులు గంజి లేక చచ్చిపోయిన కాలం అది. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చాడు. ఆర్థర్ కాటన్ 1844, 1845లలో ఆనకట్ట ప్రతిపాదనలు పెట్టాడు. 1847లో పని మొదలై, 1852లో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట పూర్తయింది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర తల తూములు, వాటి పక్కనే తల లాకులు.

ఈ తేదీల పక్కన మరొక తేదీ పెట్టి చూడాలి. 1853 జూన్‌లో మార్క్స్ న్యూయార్కు ట్రిబ్యూన్ పత్రికకు భారతదేశంలో బ్రిటిష్ పాలన గురించి రాస్తూ, ఆసియా ప్రభుత్వాలకు ఖజానా, యుద్ధం, ప్రజాపనులు అనే మూడు శాఖలు ఉండేవనీ, కంపెనీ వాళ్ళు మొదటి రెంటినీ పుచ్చుకొని మూడోదాన్ని పాడుపెట్టారనీ అన్నాడు. సరిగ్గా అప్పటికి ఏడాది ముందే మన దగ్గర ఆ మూడో శాఖ పెద్ద పని ఒకటి ముగించింది. అంతమాత్రాన మార్క్స్ మాట తప్పయిపోదు. ఆనకట్టకు అనుమతి వచ్చింది శిస్తు పడిపోయిన జిల్లాలో శిస్తు మళ్ళీ లేవడానికి. కాటన్‌కు రైతుమీద దయ లేదని నేను అనను. అతని రాతలు చదివినవాళ్ళెవరూ అనలేరు. కాని మద్రాసు ప్రభుత్వాన్ని ఒప్పించింది దయ కాదు, లెక్క.

ఆ లెక్కలో నీటికి ఎంత చోటు ఉందో పడవకూ అంత చోటు ఉంది. కాటన్ దృష్టిలో కాలవ అంటే సేద్యం, రవాణా రెండూ. రైలుకంటె కాలవే ఈ దేశానికి చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. 1854లో ప్రజాపనుల మీద పుస్తకం రాశాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కూడా అదే వాదన వినిపించాడు. పడవ ఉండబట్టే మెట్టుమెట్టుకూ లాకు వచ్చింది. కాకినాడ కాలవ, ఏలూరు కాలవ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలవ, ఆపైన బకింగ్‌హాం కాలవ - కాకినాడనుంచి మద్రాసు దాకా ఉప్పు, ధాన్యం, కొబ్బరి, కలప, మనుషులు నీటిమీదనే పోయేవారు. 1893 తర్వాత రైలు వచ్చింది. 1900లో గోదావరిమీద హేవలాక్ వంతెన తెరిచారు. దూర ప్రయాణం రైలుకు పోయినా, ఊరి సరుకు చాలాకాలం పడవనే నమ్ముకుంది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ చదివినవాళ్ళకు ఆ రాత్రి కాలవ, తాడుతో లాగే మనుషులు, ధాన్యం బస్తాల నడుమ సంసారాలు గుర్తుంటాయి. ఆ కథను మనం స్త్రీ పురుష సంబంధాల కథగా చదువుతాం. అది సరైనదే. కాని ఆ కథ కింద పారుతున్న కాలవకు కూడా ఒక ఆర్థిక చరిత్ర ఉంది.

ఇక్కడ మాటల ఇచ్చిపుచ్చుకోలు గమనించదగ్గది. నదికి అడ్డంగా కట్టేదానికి ఇంగ్లీషు వాడికి మన మాటే గతి అయింది. తమిళ ‘అణైకట్టు’, తెలుగు ‘ఆనకట్ట’ వాడి నోట ‘ఆనికట్’ అయింది. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో అది ఎక్కింది. కాటన్ కావేరిమీద పనిచేసినప్పుడు చోళుల నాటి కల్లణైను చూసి, ఇసుకమీద రాయి ఎలా నిలబెట్టాలో నేర్చుకున్నానని ఒప్పుకున్న మనిషి. అంటే నీటిని ఆపే విద్య మనది, కాబట్టి మాట మనది. పడవను మెట్టెక్కించే తొట్టి ఇక్కడ వాడుకలో లేదు, కాబట్టి మాట వాళ్ళది. ఏ పండితుడి అనుమతీ అడగకుండా రెండు భాషలూ ఎవరికి లేనిది వారు పుచ్చుకున్నాయి.

రావడం రావడమే ఆ మాట తెలుగు వ్యాకరణానికి తల ఒగ్గింది. ఇంగ్లీషు హ్రస్వ ‘ఒ’కారం డాక్టరులో, ఆఫీసులో, రాడ్డులో ‘ఆ’ అయినట్టే ఇక్కడా ‘లా’ అయింది. చివర ఉకారం చేరింది. బహువచనం లాకులు. ఆ బహువచనమే స్థలనామం అయింది, ఎందుకంటే ప్రతి లాకుకూ రెండు జతల తలుపులు కనపడతాయి. నీళ్ళు వదిలితే ‘లాకులెత్తారు’ అన్నారు. ఎవరైనా వలవల ఏడిస్తే ‘లాకులెత్తేశాడు’ అని వెక్కిరించారు. ఒక పరాయి పనిముట్టు పేరు కన్నీటికి పోలిక అయిన తర్వాత కూడా దాన్ని అన్యదేశ్యం అని పక్కకు నెట్టడం నాకు అర్థం కాదు.

లాకు పక్కనే ఇంకొక మాట కాపురం చేసింది: లస్కరు. ఫారసీలో ‘లష్కర్’ అంటే సైన్యం. ఐరోపా ఓడలవాళ్ళు ఆసియా నావికుడిని ‘లాస్కర్’ అన్నారు. ఫిరంగులు మోసే కూలివాడూ లాస్కరే. డెల్టాకు వచ్చేసరికి లాకు తలుపులు తీసి మూసేవాడు, కాలవగట్టు కాచేవాడు, పంట బోదెకు నీరు వంతు వేసేవాడు లస్కరు అయ్యాడు. సైన్యం అన్న మాట శతాబ్దాల ప్రయాణంలో ఒక మెట్టూ ఎక్కలేదు. దిగుతూ దిగుతూ వచ్చి, నీటిశాఖలో అట్టడుగు ఉద్యోగి దగ్గర ఆగింది. ఊళ్ళో మాత్రం ఆయన చిన్నవాడు కాదు. వంతులవారీగా నీరు ఇచ్చే దాళ్వాలో, శివారు పొలంవాడికి కలెక్టరుకంటె లస్కరే దగ్గరి ప్రభుత్వం. రాత్రి రెండు గంటలకు షట్టరు ఎంత లేచింది అన్నదాని మీద ఒక ఎకరం వెన్ను వేయడమో, తాలు పోవడమో ఉంటుంది. ధవళేశ్వరంలో కాటన్ పేర మ్యూజియం ఉంది, డెల్టాలో ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయి. ఆయనతో పనిచేసిన వీణెం వీరన్న పేరు ఈ మధ్యనే కొంత వినబడుతున్నది. రాయి కొట్టినవాళ్ళు, సున్నం గానుగ తిప్పినవాళ్ళు, ఇనుము కాచి తలుపులకు పట్టీలు బిగించిన కమ్మరులు, తరవాత ఆ తలుపులు నూరేళ్ళు తీసి మూసిన లస్కర్లు - వాళ్ళ వాటాకు మిగిలింది ఆ మాటే.

ఇక అదే ధాతువు తెచ్చిన తక్కిన మాటలు. అవి కాలవ దారిన రాలేదు. కచేరీ దారిన, ఫ్యాక్టరీ దారిన వచ్చాయి. పోలీసు ‘లాకప్పు’ మన భాషలో ఎంత పాతుకుపోయిందో చెప్పనక్కర్లేదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషను ఘటన తర్వాత తెలుగు పత్రికలకు ‘లాకప్పు మరణం’ నిత్యం రాయవలసిన పదబంధం అయింది. అరెస్టులకు సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో నియమాలు విధించినా, ఆ పదబంధం వాడుకలోంచి పోలేదు. ‘లాకౌటు’ను 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచించింది: యజమాని పనిచోటు తాత్కాలికంగా మూయడం, పని ఆపడం, కార్మికులను కొనసాగించ నిరాకరించడం. కార్మికుడి వైపు ఆయుధానికి తెలుగులో ‘సమ్మె’ అని చక్కని మాట ఉంది. యజమాని వైపు ఆయుధానికి మాత్రం మనకు మాట లేదు, ఇంగ్లీషే వాడతాం. పని ఆపినవాళ్ళు తమ నోటి మాటతో ఆపారు, మూసినవాడు నోటీసు అంటించి మూశాడు. ఆ నోటీసు ఇంగ్లీషులో ఉంది. 2020 మార్చిలో ‘లాక్‌డౌన్’ వచ్చింది. అమెరికా జైళ్ళలో ఖైదీలను గదులలో బంధించి ఉంచడానికి వాడుకలోకి వచ్చిన మాట అది. తెలుగులోకి రాత్రికి రాత్రే దిగింది. దానికి ఉకారం చేర్చే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. అయితే దారి పొడవునా నడిచిపోయిన వలస కూలీల నోట అది ఉకారంతోనే పలికింది.

వీటన్నిటిలో చిత్రమైనది లాకెట్టు. ఫ్రెంచి ‘లొకె’ అంటే చిన్న గడియ. ఈ లాకు ధాతువే. ఇంగ్లీషులో మొదట ‘లాకెట్’ కిటికీకి అడ్డంగా వేసే ఇనుప కమ్మీ. ఆ కమ్మీ మూత గల చిన్న నగ అయి, మన కంసాలి చేతికి వచ్చేసరికి మూత కూడా పోయి, గొలుసుకు వేలాడే బంగారు బిళ్ళ అయింది. ఇనుప కమ్మీ మెడలో బంగారం కావడం గురించి ఆడవాళ్ళ సమస్యలు రాసే మన కథకులెవరూ ఇంతవరకు ఒక కథ రాయకపోవడం ఆశ్చర్యం.

ఒకే ధాతువుకు ఇన్ని గతులు పట్టడానికి కారణం ధాతువులో వెతికితే దొరకదు. కాలవమీది లాకు మూసేది మళ్ళీ తెరవడానికి. మూయకపోతే పడవ లేవదు. లాకప్పులో, లాకౌటులో మూసేవాడు ఒకడు, లోపలో బయటో చిక్కుకున్నవాడు మరొకడు. జనం ఈ తేడాను పసికట్టారు. మొదటిదాన్ని ఊరి పేరు చేసుకున్నారు, రెండోరకం వాటిని శాపనార్థాలలో తప్ప వాడరు.

ఇప్పుడు నిఘంటువుల సంగతి. ఆనకట్ట పూర్తయిన 1852లోనే బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1854లో ఆయన తెలుగులో కలిసిన అన్యభాషా పదాలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. రాజమండ్రి కచేరీలో కొన్నేళ్ళు పనిచేసిన మనిషి కాబట్టి, రైతు నోటి మాటకు విలువ ఉందని ఆయనకు తెలుసు. తర్వాత మనవాళ్ళు ఏం చేశారు? పిఠాపురం సంస్థానం పోషణలో తయారై, 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గ్రాంథికాన్ని నెత్తిన పెట్టుకుంది. గిడుగు రామమూర్తి దానిమీద విమర్శ రాయవలసి వచ్చింది. లాకులకు కూతవేటు దూరంలో పెరిగిన పండితులు కూడా కావ్యంలో లేనిదాన్ని లోకంలో లేనట్టే చూశారు. ఆ తప్పును దిద్దే ప్రయత్నం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటంతో మొదలైంది, 1971లో చేనేత సంపుటం వచ్చింది. పల్లెలకు పోయి, పనిచేసేవాడి ఎదుట కూర్చుని, పనిముట్టు చూపించి పేరు అడిగి రాసుకున్న నిఘంటువులు అవి. మన విమర్శకులు వాటిని ఉదాహరించడం అరుదు. నవలల మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాల అంత మర్యాద కూడా వాటికి దక్కలేదు.

ఇది పండితుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. జవాబు పత్రాలు దిద్దేచోట నేను చూసినది ఒకటుంది. కాలవ గురించి రాయమంటే ఒక పిల్లవాడు తన ఊరి లాకు గురించి అరపేజీ రాశాడు. తలుపులు ఎన్ని, నీళ్ళు ఎటునుంచి వస్తాయి, వేసవిలో కాలవ కట్టేసినప్పుడు తొట్టిలో చేపలు ఎలా పడతారు - అంతా కళ్ళకు కట్టినట్టు ఉంది. దిద్దినవారు ‘లాకు’ ఉన్న ప్రతిచోటా ఎర్రగీత గీసి, పైన ‘జలద్వారం’ అని రాశారు. జలద్వారం అంటే తూము. పిల్లవాడు సరిగ్గా రాసినదాన్ని పండితుడు తప్పుగా దిద్దాడు. ఆ అరపేజీకి వచ్చినవి అయిదుకు రెండు మార్కులు. వాడు ఇక ముందు తన ఊరి గురించి తన మాటల్లో రాస్తాడా? మన యువ రచయితలలో చాలామంది కథల్లో చేలు, కాలవలు, పనులు పేరు లేకుండా మసకగా ఎందుకు కనిపిస్తాయో ఆలోచిస్తే, దాని మొదలు ఇటువంటి ఎర్రగీతల దగ్గరే ఉందనిపిస్తుంది.

పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో జాతికి అంకితమైంది. అప్పటికే సరుకు లారీల పాలయింది. పడవ పోయాక లాకు తలుపులు తుప్పు పట్టాయి, కొన్నిచోట్ల తొట్టి పూడిపోయింది. ఇప్పుడు లొల్ల లాకుల దగ్గరకు జనం షికారుకు వస్తారు, సినిమావాళ్ళు పాటలు తీస్తారు. 2008లో కాకినాడ-పుదుచ్చేరి జలమార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన తర్వాత ఏళ్ళు గడిచినా డెల్టా కాలవల్లో ధాన్యం పడవలు తిరిగి రాలేదు.

పడవలు నడిచిన కాలం చూసినవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళు. గడ వేసినవాళ్ళు, తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడిచినవాళ్ళు, లాకు దగ్గర వరసలో పడవ నిలిపి వంట చేసుకున్నవాళ్ళు ఊరికి ఒకరిద్దరు మిగిలారు. చుక్కాని, తెరచాప, సరంగు, కళాసి వంటివి అందరికీ తెలిసినవే. తాడు కట్టే ముళ్ళకు, పడవ లాకులో గోడకు రాసుకోకుండా పట్టే కర్రకు, ఎదురుగాలికి, ఎదురుపాటుకు వాళ్ళకు వేరే పేర్లు ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, తాతలను అడిగి రాసుకురమ్మన్నాను. ఇంతవరకు వచ్చినవాటిలో తాడుకు సంబంధించిన మాటలే ఎక్కువ.